కాలువకి నీళ్లొచ్చే వేళకి ఊరెళ్లండి

ప్రశ్న:

నమస్తే అమ్మా. నాకు 34 ఏళ్లు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. మియాపూర్‌లో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన జూలైలో మా నాన్నగారు గుండెపోటుతో పోయారు. నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది.

నాన్న స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామునే నన్ను కాలువ గట్టు మీదకి తీసుకెళ్లేవారు. లకుముకి, నీటికాకి, జెముడుకాకి, గిజిగాడు అన్నీ ఆయన చూపించినవే. కాలువకి నీళ్లు ఏ రోజు వచ్చాయో, గిజిగాడు గూడు ఎప్పుడు మొదలుపెట్టాడో గోడ క్యాలెండర్ గళ్లలో రాసుకునేవారు. పాల లెక్క, కొబ్బరి దింపు లెక్క పక్కనే పిట్టల లెక్క. అలాంటి పాత క్యాలెండర్లు ఇరవై దాకా నా బీరువాలో ఉన్నాయి. తెరవలేకపోతున్నాను. పోవడానికి రెండు వారాల ముందు ఫోన్ చేసి "కాలువకి నీళ్లొచ్చాయే, ఒకసారి వచ్చి చూసిపో" అన్నారు. "ఆఫీసులో టెన్షన్‌గా ఉంది నాన్నా, తర్వాత వస్తా" అన్నాను.

పదో రోజు గట్టు మీద పిండం పెడితే గంటన్నర దాటినా కాకి ముట్టలేదు. నాన్న రోజూ అన్నం తినేముందు పిట్టగోడ మీద కాకులకి ముద్ద పెట్టేవారు. ఆ కాకులు కూడా రాలేదు. "కూతుర్ని చూడాలన్న కోరిక ఉండిపోయింది" అంది మా మేనత్త. ఆ మాట రాత్రి మూడింటికి నన్ను లేపేస్తోంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. గదిలోంచి బయటికి రాదు, సరిగా తినదు. ఎప్పుడైనా "పెరట్లో బచ్చలి పాదు ఎండిపోయుంటుంది" అంటుంది, అంతే. అన్నయ్య కొబ్బరి తోట అమ్మేద్దామంటున్నాడు. అందరూ "ప్రకృతిలోకి వెళ్లు, మనసు తేలికవుతుంది" అంటున్నారు. మావారు రెండుసార్లు అనంతగిరి తీసుకెళ్లారు. చెట్లు చూడగానే ఏడుపొచ్చింది, కారు దిగలేకపోయాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వెనక వేపచెట్టు మీద కోకిల కూస్తుంటే కోపం వస్తోంది. నాలో ఏదైనా లోపం ఉందా?

- ఒక కూతురు, మియాపూర్

జవాబు:

అమ్మా, మీలో ఏ లోపమూ లేదు. ఏడాది తిరగలేదు. ఇంట్లో పండుగలు లేవు. ఉగాదికి పచ్చడి చేసుకోవాలా వద్దా అని మీ ఇంట్లో తర్జనభర్జన జరుగుతూ ఉంటుంది. మీరేమో పండుగ మానేసి కూర్చుంటే వేపచెట్టు మాత్రం పూతకి వచ్చేస్తుంది, కోకిల కూసేస్తుంది. మీ ఇంటి మైల దానికి పట్టదు. కోపం రాకపోతేనే ఆశ్చర్యం. ఆ కోపం కోకిల మీద కాదని మీకూ తెలుసు. ఆయన లేకపోయినా వసంతం వచ్చేసిందే అన్న బాధ అది.

ముందు కాకి సంగతి మాట్లాడదాం. మీ ఉత్తరమంతా ఆ గంటన్నర చుట్టూనే తిరుగుతోంది.

పిండం పెట్టడం మీద నాకు గౌరవం ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి అన్నీ పద్ధతి ప్రకారమే చేశాం. పిండం పెట్టి దూరంగా నిలబడి ఆకాశం కేసి చూసే ఆ కాసేపు మనిషికి అవసరం. పోయినవాళ్లకి ఇంకా ఏదో చేయగలుగుతున్నాం అన్న ఊరట ఇస్తుంది. కానీ కాకి కాకే తల్లీ. దానికి భయం ఉంటుంది. కొత్త వస్తువు కనిపిస్తే కాకి జాతికి ఎంత అనుమానమో చూడాలంటే, రోజూ అన్నం పెట్టే చోట ఒక కొత్త స్టీలు గిన్నె పెట్టి పక్కకి రండి. గోడ చివర వాలుతుంది. తల ఒక పక్కకి వంచి చూస్తుంది, రెండు గెంతులు ముందుకు వేస్తుంది, ఒక్కసారి అదిరిపడి వెనక్కి ఎగురుతుంది. ఆకలిగా ఉన్నా అంతే. మీ నాన్నగారి పదో రోజున ఆ గట్టు మీద ఎంతమంది ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. పాతికమంది ఉండరూ? జూలై నెల, ముసురు. ఆకులు, ఇత్తడి గిన్నెలు, తడి బట్టలు, మాట్లాడుకునే చుట్టాలు, ఫోన్లు. రోజూ నిశ్శబ్దంగా ఉండే గట్టు ఆ వేళ సంతలా ఉండి ఉంటుంది.

ఇంకో సంగతి. కాకులు మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాయి. అమెరికాలో సియాటెల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ఒక మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి, కాళ్లకి గుర్తులు కట్టి వదిలేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఆ మాస్కు ఎవరు పెట్టుకుని కనిపించినా కాకులు చుట్టుముట్టి అరిచేవి. అవి అక్కడి కాకులు, మన ఊరి కాకులు వేరే జాతి. అయినా రోజూ ముద్ద పెట్టే ఇల్లాలిని వీధి మలుపులోనే గుర్తుపట్టే కాకుల్ని మనందరం చూశాం. మీ పిట్టగోడ కాకులకి తెలిసింది మీ నాన్నగారి చెయ్యి. పదో రోజున ఆ చెయ్యి అక్కడ లేదు. కాకులు మీ మీద అలిగి రాలేదని అనుకోవడానికి నాకు ఒక్క కారణమూ కనపడటం లేదు.

మీ మేనత్తగారి మాటకి వస్తే, ఆవిడ తమ్ముడో అన్నో పోయిన దుఃఖంలో అన్నారు, వదిలేయండి. ఆ ఫోన్ మాత్రం మీరు తప్పుగా గుర్తుపెట్టుకుంటున్నారని నాకు అనిపిస్తోంది. కాలువకి నీళ్లు రావడం చూడాలన్నది ఆయన కోరిక. చూశారు. చూసి ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పాలనిపిస్తే, మొదట గుర్తొచ్చిన మనిషి మీరు. ఇంట్లో మీ అమ్మగారున్నారు, దగ్గర్లో మీ అన్నయ్య ఉన్నాడు. ఆ కబురు విలువ తెలిసినవాళ్లకి చెప్పాలని మియాపూర్‌కి ఫోన్ చేశారు. "తర్వాత వస్తా" అన్న మాట విని ఆయన బాధపడ్డారని మీరు అనుకుంటున్నారు. ముప్పై ఏళ్లు స్కూల్లో పిల్లల "రేపు చేస్తాను సార్" విన్న మాస్టారు ఆయన. వచ్చే ఏడు వస్తుందిలే అనుకుని ఉంటారు. వచ్చే ఏడు ఆయన ఉండకపోవడం మీరు చేసిన పని కాదు.

ఇక అనంతగిరి. మీవారి మంచి మనసుని నేనేమీ అనను. భార్య బాధ చూడలేక ఆయనకి తోచింది చేశారు. కానీ "ప్రకృతిలోకి వెళ్తే మనసు తేలికవుతుంది" అనే సలహా ఇచ్చేవాళ్లు చెట్టుని మాత్ర లాగా ఇస్తారు. వేసుకుని గంట ఆగి, తగ్గిందా అని అడుగుతారు. కారులో పక్కన కూర్చున్న మనిషి మీ ముఖంలోకి చూస్తూ తేలికపడిందా అని ఎదురుచూస్తుంటే ఏ కొండా పనిచేయదు. పైగా అనంతగిరిలో మీ నాన్నగారు లేరు. ఆయన ఎన్నడూ నడవని అడవి అది. అక్కడికి వెళ్తే ఆయన లేకపోవడం ఒక్కటే కనిపిస్తుంది. కాలువ గట్టు మీద అయితే లేకపోవడంతో పాటు ఆయన కూడా ఉంటారు. అందుకే మీకు గట్టంటే భయం, అందుకే మీరు వెళ్లాల్సిందీ అక్కడికే. ఇవాళే అనడం లేదు.

ఇలా ఎందుకంటున్నానో చెప్పడానికి నా సంగతి కొంచెం రాయాలి.

మా చెల్లెలు పోయి పదకొండేళ్లు. మా ఇద్దరికీ ఆషాఢమంటే గోరింటాకే. పెళ్లిళ్లయ్యాక కూడా ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం మా ఇంటికి వచ్చేది. కోయడం నా వంతు, రుబ్బడం దాని వంతు. కాస్త చింతపండు, ఒక వక్కముక్క వేసి రుబ్బితే ఎర్రగా పండుతుందని దాని నమ్మకం. పొత్రం తిప్పీ తిప్పీ, పెట్టుకోకముందే దాని కుడి అరచెయ్యి అంతా ఎర్రబడిపోయేది. ఎంత చక్కగా చందమామ పెట్టినా ఆ చేతికి కనిపించేది కాదు. ఏటా అదే గొడవ.

అది పోయాక మూడు ఆషాఢాలు నేను ఆ చెట్టు వైపు వెళ్లలేదు. గోరింటని ఎప్పటికప్పుడు కత్తిరించకపోతే పిచ్చిగా పెరుగుతుంది. గోడ దాటి పక్కింటి మేడమెట్ల మీదకి వాలిపోయింది. సన్నటి పూలగుత్తులు వేసేది. సాయంత్రమయ్యేసరికి ఆ వాసన ఇల్లంతా వచ్చేస్తే కిటికీలు మూసేసేదాన్ని. నాలుగో ఏడు పక్కింటి పిల్ల, ఎనిమిదేళ్లది, గోడ అవతల నుంచి గిన్నె చాపి "అమ్మమ్మగారూ, కాస్త ఆకు కోసిస్తారా" అంది. పిల్ల అడిగితే కాదనలేం కదా. కొమ్మ వంచి కోస్తున్నాను. లోపలి కొమ్మల్లో ఒక గుడ్డపీలిక చేతికి తగిలింది. మా చెల్లెలు ఎప్పుడో, గాలికి వాలిపోతున్న కొమ్మని గోడ మేకుకి కట్టిన పాత చీర అంచు. రంగు పూర్తిగా వెలిసిపోయింది. ముడి మాత్రం ఊడలేదు. కొమ్మ ఆ ముడికి అటూ ఇటూ లావెక్కి, గుడ్డని సగం మింగేసింది.

అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. పిల్ల గిన్నె పట్టుకుని గోడ మీంచి చూస్తూ నిలబడింది, పోలేదు. తర్వాత తనే గేటు తీసుకుని వచ్చి నాతో పాటు కోసింది. ఆ రాత్రి మూడేళ్ల తర్వాత రోలు కడిగి నేనే రుబ్బాను. చింతపండు వేశాను, వక్క వేశాను. పొద్దున్న చూసుకుంటే నా కుడి అరచెయ్యి అంతా ఎరుపే, చందమామ కనిపించలేదు.

బాధ తగ్గిపోయిందని చెప్పను. ఆ చెట్టంటే భయం తగ్గింది. ఇప్పటికీ ఆకు కోస్తూ దానితో మాట్లాడతాను. చెట్టు నన్ను ఓదార్చిందని కూడా చెప్పలేను, ఒక పని ఇచ్చింది. మా చెల్లెలు చేసే పనే నాకు ఇచ్చింది.

మీకు కూడా అలాంటి పని ఒకటి సిద్ధంగా ఉంది. బీరువాలో ఉంది.

ఇరవై ఏళ్ల క్యాలెండర్లు! ఏ మహల్లోనూ దొరకని ఆస్తి అది. ఇంగ్లండ్‌లో నార్‌ఫక్ అనే ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అని ఒకాయన ఉండేవాడు. 1736 నుంచి ప్రతి ఏడూ వసంతం గుర్తులు రాసిపెట్టుకున్నాడు. ఏ చెట్టు ఏ రోజు చిగురించింది, ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది, కప్పలు ఎప్పుడు అరిచాయి, ఇలాంటివి ఇరవై ఏడు రకాలు. ఆయన 1797లో పోయాడు. పుస్తకం మూసేయలేదు. పిల్లలు, తర్వాత వాళ్ల పిల్లలు, తరాల తరబడి రాస్తూనే వచ్చారు, 1958 దాకా. మధ్యలో కొన్నేళ్లు ఖాళీ వచ్చింది, అయినా మళ్లీ మొదలుపెట్టారు. ఇవాళ వాతావరణం ఎంత మారిందో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలు ఆ కుటుంబం రాతల్ని వెతుక్కుని చదువుతున్నారు. మీ నాన్నగారి గళ్లలో కూడా గోదావరి డెల్టాలో ఒక ఊరి కాలువ చరిత్ర ఉంది. ఎనిమిది నెలల ఖాళీ వచ్చింది. పరవాలేదు.

ఒకేసారి అన్నీ తెరవకండి. ఈ నెల, అంటే మార్చి, ఏదో ఒక పాత ఏడాదిది ఒక్కటి తీయండి. మీరు ఇంట్లోనే ఉన్న, స్కూలుకెళ్లే రోజుల నాటిదైతే మంచిది. ఈ తేదీకి ఆయన ఏం రాశారో చూడండి. తర్వాత ఈ ఏడాది క్యాలెండర్ ఒకటి కొని, పెద్ద గళ్లున్నది, వంటింటి గోడకి తగిలించండి. మొదటి గడిలో రాయాల్సింది మీ దగ్గరే ఉంది: "కోకిల మొదలుపెట్టింది, వెనక వేపచెట్టు." మీకు కోపం తెప్పించిన ఆ కూతే. నాన్నగారు ఉంటే తప్పకుండా రాసేవారు. కోపంతోనే రాయండి, ఏం కాదు.

కోకిలకీ కాకికీ ఉన్న సంబంధం ఆయన మీకు చెప్పే ఉంటారు. వేసవి ముదిరేకొద్దీ కాకులు గూళ్లు కడతాయి, కోకిల వెళ్లి అందులో గుడ్లు పెట్టిపోతుంది. ఆ వేపచెట్టు మీదో పక్క చెట్టు మీదో పుల్లలు పోగవుతున్నాయేమో కనిపెట్టండి. కాకిని మళ్లీ కాకిలాగా చూడటం మీకు అవసరం. ఆ పదో రోజు తర్వాత మీరు దాన్ని సరిగా చూసి ఉండరు.

మీకు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, చెరువుకి కష్టాలు చాలానే ఉన్నాయి. అయినా 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, పిట్టల వల్లే. కాలువ గట్టుకి అది సాటి రాదు. కానీ నీటికాకి నీటికాకే కదా. మునిగి లేచి, ఒక మొద్దు మీద కూర్చుని, రెండు రెక్కలూ చాపి తడిబట్టలు ఆరేసుకున్నట్టు ఆరబెట్టుకుంటుంది. ఒక ఆదివారం తెల్లవారగానే ఒక్కరే వెళ్లండి. మీవారిని ఇంట్లో కాఫీ పెట్టమనండి. మీ ముఖం చూసేవాళ్లు పక్కన లేకుండా ఒక అరగంట. ఏడుపొస్తే ఏడవండి. ఇంటికొచ్చి ఏం కనిపించిందో గడిలో రాయండి. ఎలా అనిపించిందో రాయక్కర్లేదు. మీ నాన్నగారు ఎప్పుడూ అది రాయలేదు, అవునా? "లకుముకి జంట, లాకుల దగ్గర" అని రాసుంటారు. అంత చాలు.

గిజిగాడి పేరు మీ ఉత్తరంలో చూడగానే నాకు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు గుర్తొచ్చారు. 1930 వర్షాకాలంలో బొంబాయి అవతల కిహీం అనే ఊళ్లో ఆయన నిచ్చెన ఎక్కి కూర్చుని గిజిగాడి గూళ్లని రోజుల తరబడి చూశారు. మగపిట్ట సగం గూడు అల్లి ఆపుతుందని, ఆడపిట్ట వచ్చి చూసి, దానికి నచ్చితేనే మగపిట్ట మిగతాది పూర్తిచేస్తుందని, ఆ వెంటనే ఇంకో గూడు మొదలెడుతుందని వివరంగా రాసిపెట్టారు. మరుసటి ఏడాది హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టిందీ ఆయనే. ఆయన భార్య తెహ్మినా, సర్వేల కోసం అడవుల్లో గుడారాలు వేస్తే ఆయనతో పాటు వెళ్లేవారు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆవిడ చనిపోయారు. ఆయన కుంగిపోయారు. పిట్టల్ని చూడటం మాత్రం ఆపలేదు. మన దేశపు పక్షుల మీద ఎన్నో తరాలు చదివిన ఆయన పుస్తకం 1941లో వచ్చింది. ఆవిడ పోయాక ఇంకా నలభై ఎనిమిదేళ్లు బతికారు, దాదాపు చివరిదాకా పిట్టల్ని చూస్తూనే ఉన్నారు. ఇద్దరూ కలిసి తిరిగిన చోట్లకి మళ్లీ ఒక్కడే వెళ్లినప్పుడు ఆయన మనసు ఎలా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొబ్బరి తోట. మీ అన్నయ్య మీద కోపంగా ఉన్నట్టుంది. ఉత్తరంలో ఒక్క వాక్యమే రాసినా తెలుస్తోంది. ఒక్కటి ఆలోచించండి. చితికి నిప్పు పెట్టింది అతను. నెలనెలా మాసికం పెడుతున్నది అతను. మీరు చూడలేక దూరంగా ఉన్న ఆ పెరటిని అతను తరచూ చూడాల్సి వస్తోంది. దింపు వాళ్లని పిలవాలి, వలుపుకి మనిషిని చూడాలి, కాయ ధర పడిపోతే తిట్లు తినాలి. అమ్మేద్దాం అన్నది అతని తరహా ఏడుపు కావచ్చు. కాకపోనూవచ్చు, డబ్బు అవసరమే ఉండొచ్చు. అడగందే తెలియదు. డబ్బు మాట ఎత్తకముందు నాన్న మాట మాట్లాడండి. ఏడాది తిరిగేదాకా ఏ నిర్ణయమూ వద్దని అడగండి. కావాలంటే అప్పటిదాకా కౌలుకి ఇవ్వొచ్చు.

కొబ్బరి చెట్టు గురించి ఒక సంగతి మీరు గమనించారో లేదో. ఏపుగా ఉన్న చెట్టు నెలకి దాదాపు ఒక ఆకు వేస్తుంది. మొవ్వులోంచి ఈటెలాగా లేచి, విచ్చుకుని, నెమ్మదిగా కిందికి వాలుతూ వాలుతూ మట్టగా రాలడానికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అంటే ఇవాళ మీ తోటలో ఏ చెట్టు కిందైనా నిలబడి తలెత్తి చూస్తే, మీ నాన్నగారు పోయాక విచ్చుకున్నవి నడినెత్తిన ఉన్న ఎనిమిదో తొమ్మిదో. మిగతావన్నీ, పాతిక దాకా, ఆయన ఉండగా విచ్చుకున్నవే. వాటి మొవ్వుని ఆయన చూశారు. ఇంకో రెండేళ్లు ఆ ఆకుల్లో కొన్ని చెట్టు మీదే ఉంటాయి. మీ అన్నయ్యకి ఈ మాట చెప్పండి. అమ్మొద్దని చెప్పడానికి కాదు. అతనికి కూడా తెలియాలి కదా.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీరు కాదు, మీ అమ్మగారు. ఆవిడ ఎనిమిది నెలల్లో మాట్లాడిన ఒక్క మాట బచ్చలి పాదు గురించి. మీరు దాన్ని "అంతే" అని రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట అదే అనిపించింది. ముప్పై, నలభై ఏళ్లు పెరడు చూసుకున్న మనిషి. పొద్దున్న లేస్తే వాకిలి, తులసికోట, పాదులు, కాకులకి ముద్ద పెట్టే భర్త. మొగుడూ పోయాడు, పెరడూ పోయింది, ఒకే నెలలో. అపార్ట్‌మెంట్లో ఆవిడ చేతులకి పని లేదు. "నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాను" అని మీరు ప్రేమతో అంటూ ఉంటారు. ఆవిడకి అది శిక్ష.

పక్కింటివాళ్లకి ఫోన్ చేసి ఆ పాదు బతికుందో లేదో కనుక్కోండి. బచ్చలి అంత తేలిగ్గా చావదు. పైన ఎండినా చినుకు పడితే మొదట్లోంచి చిగురుస్తుంది. లేకపోయినా కిందపడ్డ నల్లపళ్ల గింజలు మొలుస్తాయి. ఆ జవాబు ఏదైనా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పండి. "ఎండిపోయింది" అన్నా సరే, ఎవరో కనుక్కున్నారని తెలుస్తుంది. బాల్కనీలో పొద్దుటి ఎండ పడేచోట ఒక లోతు కుండీ, నాలుగు కొబ్బరి తాళ్లు పెట్టండి. ఏం వేయాలని మాత్రం మీరు చెప్పకండి, ఆవిడనే అడగండి. పిట్టగోడ మీద కాకికి ముద్ద కూడా ఆవిడ చేతే పెట్టించండి. మొదటి వారం ఏ కాకీ రాకపోవచ్చు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు, ఆవిడకి కూడా చెప్పండి.

కుండీతో అన్నీ చక్కబడతాయని నేను అనను. ఆవిడ సరిగా తినడం లేదన్నారు. బీపీ, షుగర్ పరీక్షలు చేయించి ఎంతకాలమైంది? ముందు డాక్టరుకి చూపించండి. ఆరు నెలలు దాటాక కూడా దుఃఖం ఏమాత్రం పలచబడకుండా, రోజువారీ పనులే సాగనివ్వకపోతే దానికి వైద్యం అవసరమని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. మీ అమ్మగారు గానీ, మీరు గానీ, "నేనూ ఆయన దగ్గరికే పోతే బాగుండు" అని ఒక్కసారి అన్నా, అనుకున్నా, తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కి 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మూడింటికి మెలకువ వచ్చిన రాత్రి కూడా చేయొచ్చు.

జూలైలో సంవత్సరీకం వస్తుంది. మామూలుగా ఏం చేస్తారు? ముందురోజు రాత్రి బస్సెక్కి, తెల్లారి దిగి, కార్యక్రమం చూసుకుని, మర్నాడు మళ్లీ బస్సు. అలా చేయకండి. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, మీకు తెలిసిందే. మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేది జూన్‌లో. ఏ రోజు వదులుతారో ముందే పేపర్లో వేస్తారు. ఆ రోజుకి మీరు ఊళ్లో ఉండేలా ఇప్పుడే ఆఫీసులో సెలవు చెప్పి పెట్టుకోండి. ఈసారి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వేరేవాళ్లు చూసుకుంటారు. అమ్మగారిని తీసుకెళ్లండి. అన్నయ్యని కూడా గట్టు మీదకి రమ్మనండి.

అడుగంతా నెర్రెలిచ్చిన కాలువలోకి మొదటి నీళ్లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పడం బాగుండదు, అయినా చెప్తాను. ముందు చప్పుడేమీ ఉండదు. ఎండుటాకులు, పుల్లలు, నురగ తోసుకుంటూ ఒక బురద నాలుక నెమ్మదిగా పాకుతూ వస్తుంది. నడిచే మనిషి దాన్ని దాటిపోవచ్చు. నెర్రెల్లోంచి పురుగులు పైకి వస్తాయి. వాటి కోసం తెల్లకొంగలు ఆ నీటి అంచుతో పాటే అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తాయి. మీ నాన్నగారు ఏ చోట నిలబడి చూసేవారో మీకు తెలుసు. అక్కడ నిలబడండి. ఫోటో తీయాలనిపిస్తే ఒకటి తీసి ఫోన్ లోపల పెట్టేయండి. సాయంత్రం ఇంటికెళ్లాక క్యాలెండర్లో ఆ తేదీ గడిలో నీళ్లు వచ్చిన టైము రాయండి. అమ్మగారి చేత రాయిస్తే ఇంకా మంచిది.

వచ్చేటప్పుడు పెరట్లోంచి బచ్చలి కొమ్మలు నాలుగు తెచ్చుకోండి. మరీ లేతవి వద్దు, రెండు మూడు కణుపులున్నవి చూసి కోయమని అమ్మగారికే కత్తి ఇవ్వండి. కోసిన చివర తడిగుడ్డ చుట్టి, పైన అరటాకు ముక్క కట్టండి. రాత్రంతా బస్సు ప్రయాణం కదా, ఏసీ గాలికి వాడిపోకుండా ఒళ్లో పెట్టుకోండి. మియాపూర్‌లో దిగగానే కుండీలో గుచ్చేస్తే పది, పదిహేను రోజుల్లో కొత్త ఆకు వేస్తాయి. ఏ రోజు వేశాయో రాసి పెట్టండి. వీలైతే నాకూ ఒక కార్డు ముక్క రాయండి.